ఎవరూ ఆపని కాశీయాత్ర

అనగనగా ఒక రాజు. పేరు ధర్మకేతు. ఆయన సంగతి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ కథలో ఆయన చేసిందేమీ లేదు, పాపం. కథంతా ఆయన భార్య కనకవల్లిది. మరి రాజుతో ఎందుకు మొదలుపెట్టావని అడుగుతారేమో, కథ అలాగే మొదలవ్వాలి గనక. ఊ కొట్టండి, మధ్యలో అడ్డు తగలకండి.

కనకవల్లికి చాలా ఏళ్ళు పిల్లల్లేరు. ఆవిడ మొక్కని దేవుడు లేడు, ఉండని ఉపవాసం లేదు. ఆఖరికి ఒక్కగానొక్క కొడుకు పుట్టాడు. హేమాంగదుడని పేరు పెట్టారు. ఇక ఆవిడకి ఆ పిల్లాడే లోకం. అది మంచిదే. కానీ ఆ పిల్లాడికి కూడా తనే లోకం కావాలని పట్టు పట్టింది. అక్కడొచ్చింది తంటా.

ఉగ్గుగిన్నె నాడు పిల్లాడు దాదిని చూసి నవ్వాడు. మర్నాడు దాది పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. అయిదేళ్ళప్పుడు, "అమ్మా, మా గురువుగారికి అన్నీ తెలుసే," అన్నాడు. ఆ వారంలోనే గురువుగారు మారిపోయారు. పదేళ్ళప్పుడు తెల్ల గుర్రం మెడ కావలించుకుని పడుకున్నాడు. ఆ గుర్రం పొరుగు రాజుకి కానుకగా పోయింది. ఇంకోటి చెప్తాను వినండి. చందమామని చూపించి అన్నం పెడుతుంటే పిల్లాడు తల్లి చేతిలో ముద్ద వదిలేసి చందమామ వైపు చేతులు చాచాడట. ఆవిడ ఆ కిటికీ మూయించేసింది. చందమామ మీద అసూయపడ్డ మనిషిని ఎక్కడైనా చూశారా?

"ఎందుకే ఇంత ఇదైపోతావు?" అని రాజు అడిగేవాడు.

"మీకేం తెలుసు, తొమ్మిది నెలలు మోసింది మీరా నేనా?" అనేది ఆవిడ. దాంతో రాజు కునుకు తీయడానికి వెళ్ళిపోయేవాడు.

పిల్లాడికి ఇరవై ఏళ్ళొచ్చాయి. పక్క రాజ్యం నుంచి నీలవేణి అనే రాజకుమారి చిత్రపటం వచ్చింది. భోజనాల దగ్గర తెచ్చి చూపించారు. హేమాంగదుడు పటం చూశాడు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి వడ్డించిన పప్పు చల్లారిపోయింది. నెయ్యి పేరుకుపోయింది. కనకవల్లికి అది చూసి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. "పటానికే ఇలా ఉంటే, మనిషి వస్తే నా మొహం చూస్తాడా?" అనుకుంది. కాదనడానికి కారణం దొరకలేదు. పిల్ల చక్కనిది, వంశం మంచిది, జాతకాలు కుదిరాయి. ముహూర్తం పెట్టేశారు.

రాజుగారి ఊరి బయట కొండమీద ముళ్ళజడల మంత్రగాడని ఒకడు వచ్చి దిగాడు. జడలు ముళ్ళకంపలా ఉండేవి, అందుకని ఆ పేరు. అడిగినవాళ్ళ పని చేసి పెడతాడని చెప్పుకునేవారు. ఒక మధ్యాహ్నం, రాజు కునుకు తీస్తుండగా, కనకవల్లి మేలిముసుగు వేసుకుని కొండెక్కింది.

"నా కొడుకు నాకే ఉండాలి. ఈ పెళ్ళి జరగకూడదు. తప్పు మా మీద పడకూడదు," అంది.

మంత్రగాడు నవ్వాడు. "ఓస్, ఇంతేనా? మీ పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అని ఒకటి చేస్తారు కదా?"

కాశీయాత్ర మీకు తెలుసుగా? చదువు పూర్తయిన పెళ్ళికొడుకు, "నాకు సంసారం వద్దు, కాశీ వెళ్ళి సన్యాసం పుచ్చుకుంటాను," అని గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని, పాదుకలు తొడుక్కుని బయల్దేరతాడు. నాలుగడుగులు వేయగానే పెళ్ళికూతురి అన్నో తమ్ముడో ఎదురొచ్చి, గడ్డం కింద బెల్లంముక్క పెట్టి, "బావగారూ, కాశీ ఎందుకండీ, మా అమ్మాయిని చేసుకుని గృహస్థులవండి," అని బతిమాలి వెనక్కి తెస్తాడు. ఆపే హక్కు ఆడపెళ్ళివారిదే. మగపెళ్ళివారు ఆపకూడదు, వేడుక చూడాలంతే.

"ఆ బావమరిదిని నేను రానివ్వను," అన్నాడు మంత్రగాడు. "ఇవిగో ఈ పాదుకలు మీవాడికి తొడుగు. పిలవడానికి ఎవరూ రారు, ముహూర్తం దాటిపోతుంది, ఆడపెళ్ళివారిదే తప్పవుతుంది. పాదుకలు మీవాణ్ణి నీ దగ్గరికే తిప్పి తెస్తాయి."

"నీకేమివ్వాలి?"

"ఏమీ వద్దు తల్లీ."

ఊరికే ఇస్తానన్నవాణ్ణి నమ్మకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆవిడకి తెలియదా? తెలుసు. కానీ కడుపుమంట ముందు తెలివి నిలుస్తుందా? పాదుకలు చెంగులో చుట్టుకుని దిగొచ్చింది.

పెళ్ళి ఆడపెళ్ళివారింట్లో. పొద్దున్నే ముహూర్తం. లోపల నీలవేణి గౌరీపూజ దగ్గర కూర్చుంది. బయట విడిది ముందు హేమాంగదుడు గొడుగు, కర్రతో నిలబడ్డాడు. కనకవల్లి తన చేత్తో పాదుకలు తొడిగింది. మేళం మోగింది.

పెళ్ళికూతురి అన్న విజయపాలుడు బెల్లంముక్క కోసం వంటింట్లోకి వెళ్ళాడు. గడపలో కాలు పెట్టాడు, ఆ కాలు అక్కడే అంటుకుపోయింది. లాగుతాడు, రాదు. కేక వేస్తాడు, మేళంలో వినపడదు.

హేమాంగదుడు ఒక అడుగు వేశాడు. రెండు వేశాడు. మూడు వేశాడు. వెనక్కి తిరిగి నవ్వాడు. అందరూ నవ్వారు, బావమరిది బెట్టు చేస్తున్నాడనుకున్నారు. కుర్రాడు పది అడుగులు వేశాడు. ఇరవై వేశాడు. నవ్వు తగ్గింది. కనకవల్లి మాత్రం సంతోషంగా చేతులు చాచి నిలబడింది, ఇప్పుడు ఇటు తిరుగుతాడని. పాదుకలు ఇటు తిరిగాయి, కానీ ఆవిడ పక్కనుంచే దాటిపోయాయి.

"అమ్మా, కాళ్ళు ఆగడం లేదే," అన్నాడు హేమాంగదుడు.

అంతే. దుమ్ము లేచింది. ఊరు దాటాడు, పొలాలు దాటాడు, కంటికి కనపడకుండా పోయాడు. కనకవల్లి చెవిలో మాత్రం మంత్రగాడి మాట వినపడింది. "సప్తసముద్రాల అవతల నా దీవిలో నీళ్ళు మోసే మనిషి లేడు తల్లీ. రాజుబిడ్డ అయితే ఠీవిగా ఉంటుందని తీసుకుపోతున్నాను."

రాజు సైనికుల్ని కాశీదారి వెంట తోలాడు. వాడు ఆ దారిలో ఉంటేగా? మూడు రోజులకి ఉత్తచేతులతో వచ్చారు. ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ నోరు పెగల్లేదు. చెప్తే తను చేసింది చెప్పాలిగా.

లోపల నీలవేణిని లేవమని అందరూ బతిమాలారు. ఆ పిల్ల లేవలేదు. "పెళ్ళి ఆగిందని ఎవరన్నారు? ఆయన కాశీయాత్రలో ఉన్నారు, నేను గౌరీపూజలో ఉన్నాను. ఆయన వచ్చాక లేస్తాను," అంది. మంచినీళ్ళు, పాలు మాత్రం పుచ్చుకుంటూ అక్కడే కూర్చుంది. ఊరంతా ఆ పిల్ల చుట్టూ చేరి కళ్ళొత్తుకున్నారు. మన కనకవల్లి స్తంభం చాటు నుంచి అది చూసింది. ఏమనుకుందో తెలుసా? "పోయింది నా కొడుకు, ఓదార్పు దానికా?" అనుకుంది. కొడుకు పోయినా అసూయ పోలేదు, చూశారా, ఎంత గట్టిదో! ఆ మాట అనుకున్నాక ఆవిడకే తనమీద రోత పుట్టింది. వెంటనే చెప్పులు కూడా లేకుండా బయల్దేరింది.

నడిచింది, నడిచింది, కాళ్ళు బొబ్బలెక్కేదాకా నడిచింది. ఒక కొండకొమ్మున పెద్ద గద్ద గుడ్ల మీద కూర్చుని ఆకలితో నీరసించి ఉంది. "అమ్మా, కాసేపు ఈ గుడ్లకి నీడ పట్టు, తిండి తిని వస్తాను," అంది గద్ద. కనకవల్లి చెంగు పరిచి రెండు జాములు ఎండలో నిలబడింది. గద్ద తిరిగొచ్చి, ఆవిడ కథ విని, వీపు మీద ఎక్కించుకుని మూడు సముద్రాలు దాటించింది.

దిగేటప్పుడు కనకవల్లి అడిగింది. "నీ పిల్లలు ఎగిరిపోతే నీకేమీ అనిపించదా?"

"నేను రెక్కల కింద పొదివి, తాకి పెంచుతాను. రెక్కలు వచ్చాక తాకను. తాకితే ఎగరలేవు," అంది గద్ద.

నాలుగో సముద్రం ఒడ్డున పడవంత చేప ఒకటి ఆటుకి నీళ్ళు వెనక్కిపోయి ఇసకలో చిక్కుకుని ఉంది. కనకవల్లి చేతులతో కాలవ తవ్వి నీళ్ళలోకి వదిలింది. అది ఇంకో మూడు సముద్రాలు దాటించింది. "మా జాతిలో తల్లి పిల్లల్ని చూపుతోనే పెంచుతుంది," అంది చేప. "దూరం నుంచి చూస్తుంది. ప్రవాహానికి అడ్డం మాత్రం నిలబడదు."

ఏడో సముద్రం దగ్గర ముసలి తాబేలు కనిపించింది. దానికి ఏ సాయమూ అక్కర్లేదట. ఊరికే ఎక్కించుకుంది, చాలా మెల్లిగా ఈదింది.

"నీ పిల్లలేరీ?" అంది కనకవల్లి.

"ఇసకలో గుడ్లు పెట్టి వచ్చేస్తాను. ఎక్కడున్నాయో తెలియదు. తలుచుకుంటాను, ఆ తలపుతోనే పెరుగుతాయి."

"తలుచుకుంటే చాలా? నేను వాణ్ణి తలుచుకోని క్షణం లేదు. మరి వాడికి ఇంత కష్టం ఎందుకొచ్చింది?"

తాబేలు మెడ వెనక్కి తిప్పింది. "నువ్వు వాణ్ణి తలుచుకున్నప్పుడు, ఆ తలపులో వాడుంటాడా, నువ్వుంటావా?" అంది.

కనకవల్లికి ఒళ్ళు మండింది. సముద్రం మధ్యలో కాకపోతే దిగిపోయేదే.

దీవి చేరింది. ఏం చూసింది? హేమాంగదుడు బావి నుంచి గుడిసెకి, గుడిసె నుంచి బావికి కావడి మోస్తున్నాడు. పెళ్ళిబట్టలు చిరిగి పీలికలయ్యాయి. పాదుకలు ఆగనివ్వడం లేదు. నిద్ర కూడా నడుస్తూనే. ఒళ్ళు ఎండి పుల్లయిపోయింది.

కనకవల్లి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. "నాయనా, రా, నా దగ్గరికి రా," అంది. పాదుకలు ఇంకా జోరెత్తాయి. ఆవిణ్ణి కూడా రాళ్ళమీద ఈడ్చుకుపోయాయి. మోకాళ్ళు చెక్కుకుపోయి చెయ్యి వదిలేసింది.

లేచి వెళ్ళి ఎదురుగా నిలబడింది. "నన్ను చూడరా, నీ తల్లిని," అంది. పాదుకలు పక్కకి తిరిగి ముళ్ళలోంచి పోయాయి. వాడి కాళ్ళే గీసుకుపోయాయి.

ఇక మొగలిపొద పక్కన కూలబడింది. పట్టుకోవడానికి లేదు, చూపించుకోవడానికి లేదు. తలుచుకోవడమే మిగిలింది. కళ్ళు మూసుకుని కొడుకుని తలుచుకుంది. దాదిని చూసి నవ్వుతున్న పిల్లాడు రావాలిగా? రాలేదు. ఆ దాదిని చూస్తూ కుతకుతలాడుతున్న తను వచ్చింది. గుర్రాన్ని కావలించుకున్న పిల్లాడు రావాలిగా? రాలేదు. వాకిట్లో నిలబడి పళ్ళు కొరుకుతున్న తను వచ్చింది. ఆ ఇరవై ఏళ్ళనీ తలుచుకుంది, ప్రతిదాంట్లో తనే. గుర్రం పోయిననాడు పిల్లాడు ఏడ్చాడా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆవిడ చూస్తేగా గుర్తుండటానికి. ఆ మొగలిపొద పక్కన కనకవల్లి వెక్కివెక్కి ఏడ్చింది, తనకోసం కాకుండా ఏడవడం అదే మొదలు.

కొడుకు కావడితో మళ్ళీ అటు వచ్చాడు. ఈసారి ఆవిడ చెయ్యి పట్టుకోలేదు, ఎదురు నిలవలేదు. పక్కన నడుస్తూ, "నాయనా, నీ మనసులో ఏముందిరా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అడగని మాట.

"కాళ్ళనొప్పి అలవాటైపోయిందమ్మా," అన్నాడు హేమాంగదుడు. "ఒక్కటే బాధ. నన్నెవరూ పిలవలేదు. అన్ని అడుగులు వేశాను, వెనక్కి తిరిగి చూశాను, ఒక్కరూ రాలేదు. ఆ అమ్మాయికి నేను నచ్చలేదేమో."

కనకవల్లికి ఆ మాట గుండెలో దిగింది. అబద్ధం ఆడితే కొడుకు తనకే ఉంటాడు. అవున్రా, నిన్ను వాళ్ళు వద్దనుకున్నారు, నీకు నేనే ఉన్నాను అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"నచ్చకేం నాయనా. పిలవడానికి వచ్చేవాణ్ణి నేనే ఆపించాను. ఈ పాదుకలు నేను తెచ్చినవే. నువ్వు ఆ పటం చూసిన చూపు నాకు ఎప్పుడూ దక్కలేదని ఓర్వలేకపోయాను."

హేమాంగదుడు కావడి భుజం మార్చుకున్నాడు. బావి దాకా వెళ్ళాడు. నీళ్ళు తోడాడు. గుడిసె దాకా వెళ్ళాడు. ఆవిడ ఎండలో నిలబడే ఉంది. తిరిగొచ్చి ఒక్క మాటే అన్నాడు. "గుర్రాన్ని కూడా నువ్వేనా అమ్మా?"

"నేనే."

అతను కళ్ళు తుడుచుకుని మళ్ళీ బావివైపు నడిచాడు. కనకవల్లికి అప్పుడు తెలిసింది ఏం చెయ్యాలో. పెళ్ళికొడుకు యాత్రలో ఉన్నాడు, పిలవాల్సినవాళ్ళు ఆడపెళ్ళివారు. ఈ దీవిలో ఆడపెళ్ళివారు ఎక్కడి నుంచి వస్తారు? తనే అవ్వాలి. తను పెళ్ళికొడుకు తల్లిగా ఉన్నంతకాలం ఆ పాదుకలు ఆగవు.

చెంగు నడుముకి దోపింది. చేతులు జోడించింది. కన్నకొడుకుని, ఉగ్గుపాలు పోసిన కొడుకుని, పరాయింటి అల్లుణ్ణి పిలిచినట్టు మీరు అని పిలిచింది.

"బాబుగారూ, కాశీ ఎందుకండీ? మా అమ్మాయి నీలవేణి గౌరీపూజ దగ్గర మీకోసం కూర్చుని ఉంది. పాలు తప్ప ముట్టడం లేదు. మా పిల్లని చేసుకుని గృహస్థులవండి. మిమ్మల్ని మా ఇంటికి పిలవడానికి వచ్చాను."

మా అమ్మాయి అన్న మాట కూడా మింగకుండా పూర్తిగా అంది. పాదుకలు ఆగిపోయాయి. హేమాంగదుడు వాటిలోంచి కాళ్ళు తీసి నేలమీద పెట్టి, అక్కడే కూర్చుండిపోయాడు.

నీళ్ళు రాలేదేమని ముళ్ళజడల మంత్రగాడు గుడిసెలోంచి వచ్చాడు. చూశాడు. మంత్రదండం ఎత్తి మీదికి ఉరికాడు. కనకవల్లి గుడిసెలోకి పరుగెత్తింది. అక్కడ ఒక పంజరం, దానిమీద నల్లగుడ్డ. మంత్రగాడి ముఖం తెల్లబోయింది. "దాన్ని ముట్టకు. నేను తప్ప దానికి ఎవరూ గింజ పెట్టరు. నన్ను తప్ప అది ఎవరినీ చూడదు," అన్నాడు.

మంత్రగాళ్ళ ప్రాణం ఎక్కడుంటుందో మీకు తెలుసు, ఆవిడకీ తెలుసు. గుడ్డ లాగింది. చిలుక. ఆకాశం ఎరగని చిలుక, రంగు పాలిపోయి ఉంది. మెడ విరిచేస్తే ఒక్క క్షణంలో అయిపోయేది. కనకవల్లి పంజరం తలుపు తీసింది.

"నేను నీ అమ్మలాంటివాణ్ణే. నాతోనే ఉండు తల్లీ," అని బయట నుంచి మంత్రగాడు చిలుకని బతిమాలాడు.

చిలుక అటు చూసింది, ఇటు చూసింది. ఎగరడం రాక రెండుసార్లు కింద పడింది. మూడోసారి గుడిసె కప్పు మీదికి, అక్కడి నుంచి చెట్ల మీదికి, అక్కడి నుంచి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. మంత్రగాడు దండం పారేసి, "ఆగవే, ఆగవే," అంటూ దాని వెనక నీళ్ళలో పడి ఈదుకుంటూ పోయాడు. మరి రాలేదు.

"చంపేస్తే పీడ వదిలేదిగా అమ్మా," అన్నాడు హేమాంగదుడు.

"దాని తప్పేముంది నాయనా, దాచుకున్నవాడిది గానీ," అంది కనకవల్లి.

తాబేలు, చేప, గద్ద తిరిగి ఇద్దరినీ చేర్చాయి. వాళ్ళు ఊళ్ళో అడుగు పెట్టేసరికి విజయపాలుడి కాలు గడప నుంచి ఊడొచ్చింది. ఇన్నాళ్ళూ అతనికి అక్కడే వడ్డించారట, పాపం. కనకవల్లి తిన్నగా పందిట్లోకి వెళ్ళి, అందరూ వింటుండగా తను చేసిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. రాజు తల దించుకున్నాడు. పెళ్ళికూతురి తండ్రి కత్తి మీద చెయ్యి వేశాడు.

నీలవేణి గౌరీపూజ దగ్గరి నుంచే పలికింది. "అత్తయ్యగారూ, ఇది నేను మర్చిపోతానని చెప్పలేను. కానీ ఆయన్ని మా తరఫున పిలుచుకొచ్చింది మీరు. కాబట్టి మీరు ఇటువైపు వచ్చి, నా పక్కన కూర్చోండి."

కనకవల్లి వెళ్ళి ఆడపెళ్ళివారి వైపు కూర్చుంది. పెళ్ళి జరిగింది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు కోడలి దోసిట్లోకి బియ్యం అందించింది ఆవిడే.

పదహారు రోజుల పండగ కాగానే రాజూ రాణీ నిజం కాశీకే బయల్దేరారు. గంగలో మునిగారు. కాశీలో ఇష్టమైనదొకటి వదిలిపెట్టి రావాలి కదా, ఏం వదులుతావమ్మా అని అడిగారు యాత్రికులకి పూజలు చేయించే పండాగారు. చాలామంది ఇష్టంలేని కూరగాయ వదిలి వచ్చేస్తారు, అది వేరే సంగతి. "నాది అన్నది వదలాలని ఉంది, ఎలా వదలాలో తెలియదు," అంది కనకవల్లి. "రోజూ వదలాలమ్మా, ఒక్కసారితో పోయేది కాదు," అన్నారాయన. ఆవిడ అక్కడే రెండేళ్ళపాటు ఉండి, రోజూ తెల్లారి గంగలో మూడు మునకలు వేసి, విశ్వనాథుడికి ఒక బిల్వదళం పెట్టి, ఆ రోజుకి వదిలి వచ్చేది.

తిరిగొచ్చేసరికి ఇంట్లో మనవడు. నీలవేణి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. కనకవల్లి ముద్దులాడింది, చిటికెలు వేసింది. పిల్లాడు కాసేపు చూసి, పెదవి విరిచి, తల్లి కోసం చేతులు చాచి ఏడుపు లంకించుకున్నాడు. ఆవిడకి గుండెలో చురుక్కుమంది. కాశీ వెళ్ళొచ్చినా చురుక్కుమంది, అబద్ధం చెప్పను. "తీసుకో అమ్మా, నిన్నే అడుగుతున్నాడు," అని కోడలి చేతికి ఇచ్చింది. పిల్లాడు ఏడుపు మాని తల్లిని చూసి నవ్వాడు. కనకవల్లి ఆ నవ్వుని చూసింది. మొదటిసారి పూర్తిగా చూసింది.

హేమాంగదుడూ నీలవేణీ అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు, చల్లగా ఉన్నారు. కథ గంగలో మునిగింది, మనం అన్నాలకి లేద్దాం పదండి.